రోగులను చూచినవారి దుఃఖము – ఫ్లోరెన్సు నైటింగేలు

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–8

ఫ్లోరెన్సు నైటింగేలు అనగానే చేత దీపము పట్టుకొని రాత్రివేళ రోగుల మధ్య తిరుగుచున్న స్త్రీ మన కన్నుల యెదుట నిలుచును. మన పిల్లలు బడిలో చదువుకొనునది అంతవరకే. ఆమె ఆ దీపము పట్టిన కాలము రెండేండ్లు కూడ నిండలేదు. తరువాత ఆమె మరి యేబది నాలుగేండ్లు బ్రదికెను. ఆ యేండ్లను గూర్చియే ఈ నెల వ్రాయుచున్నాను. ఏలయనగా 2020, 2021 సంవత్సరములలో కరోనా వార్డులలో పనిచేసిన నర్సులు మన సంఘములలో అనేకులున్నారు. ఆనాడు వారికొరకు ప్రార్థించితిమి. వారు ఇంటికి వచ్చిన తరువాత ఎట్లున్నారో ఎందరము అడిగితిమి?

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్సు నగరములో ధనికులైన ఆంగ్లేయ దంపతులకు జన్మించెను. ఊరి పేరే బిడ్డకు పెట్టిరి. పదునారేండ్ల ప్రాయమున దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె నమ్మెను. అది రోగుల సేవయని తేటపడినప్పుడు ఇంటివారు ఒప్పుకొనలేదు. ఆ దినములలో దాదిపని మర్యాదస్థుల పని కాదు. అయినను 1851లో జర్మనీ దేశమందలి కైజర్స్‌వెర్తులో, పాస్టరు ఫ్లీడ్నరుగారు స్థాపించిన డీకనెస్సుల గృహములో మూడు నెలలు పని నేర్చుకొనెను. మన మిషను ఆస్పత్రుల సహోదరీల వంటి స్త్రీలే ఆమెకు గురువులు.

1854లో క్రిమియా యుద్ధము జరుగుచుండగా నవంబరు 4న 38 మంది దాదులతో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరెను. పేరుకు వైద్యశాల, చూడబోతే మురుగు కాలువలమీద నిలిచిన పాత సైనికుల బస. నీరు చెడ్డది, గాలి లేదు, బట్టలనిండ పేలు. కలరా, టైఫసు, టైఫాయిడు, జిగట విరేచనములు ఒకదాని వెంట ఒకటి వచ్చెను. గాయములచేత పోయినవారికంటె ఈ తెగుళ్లచేత పోయినవారు పెక్కురెట్లు. 1855 ఫిబ్రవరిలో చేరినవారిలో నూటికి నలుబదిమందికి పైగా చనిపోయిరి. ఆమె వంటశాల పెట్టించెను, బట్టలు ఉతికించెను, రాత్రులు పడకల వెంట నడచెను. తెల్లవారగానే చనిపోయినవారి తల్లులకు, భార్యలకు ఉత్తరములు వ్రాయుచుండెను. ఆ ఉత్తరములు వ్రాయుటయే అన్నిటికంటె బరువైన పనియని నేననుకొందును.

మార్చిలో ప్రభుత్వమువారు పంపిన ఆరోగ్య సంఘము వచ్చి కాలువలు కడిగించి, గాలి వచ్చునట్లు చేసెను. జూను నాటికి మరణములు నూటికి రెండు. మే నెలలో ఆమెయే బాలక్లావాలో జ్వరపడి చావు అంచుకు వెళ్లెను. ఇంటికి పొమ్మని చెప్పినను పోలేదు.

1856 ఆగస్టులో స్వదేశము చేరెను. దేశమంతయు ఆమెకు స్వాగతము పలుక గోరుచుండగా మారుపేరుతో ప్రయాణము చేసి, స్టేషనునుండి ఒంటరిగా నడచి ఇల్లు చేరెను. ఆమె తనకొరకే వ్రాసికొనిన కాగితములలో చనిపోయిన సైనికుల మాట మరల మరల వచ్చుచుండెను. వారిని పరదేశపు మట్టిలో విడిచి తాను వచ్చితినని తీరని వేదన. మరుసటి యేడు విలియం ఫార్ అను గణాంక నిపుణుని సహాయముతో మరణముల లెక్కలు తీసెను. స్కుటారిలోనే చావులు మిక్కిలి ఎక్కువని అంకెలు చూపెను. ఆస్పత్రి మురుగే వారిని చంపినది. తాను రేయింబవళ్లు శ్రమపడిన ఆస్పత్రియే! 1857 ఆగస్టులో కుప్పకూలి మంచము పట్టెను. తల్లిని, అక్కను సయితము దగ్గరకు రానిచ్చుట కష్టమాయెను. గుండె దడ, నిద్రలేమి, త్వరలో చనిపోదునను తలంపు.

ఆ అంకెలే ఆమెను విరిచెనని కొందరు చరిత్రకారులు, బ్రూసెల్లా అను క్రిమివలని దీర్ఘరోగమని మరికొందరు చెప్పుదురు. రెండును కూడియుండవచ్చునని నాకు తోచుచున్నది. జ్వరమున్నంత మాత్రమున దుఃఖము లేదనరాదు గదా.

ఇక్కడ ఏలీయాను తలంచుడి. కర్మెలు పర్వతముమీద అంతటి జయము చూచిన ప్రవక్త, కొలది దినములకే బదరీవృక్షము క్రింద పడి చావు కోరెను. దేవుడు ఆయనను గద్దించెనా? దూతను పంపి రొట్టెయు నీళ్లును పెట్టించెను, మరల పండుకొననిచ్చెను. బోధ తరువాత వచ్చెను. మనలో నిద్రపట్టని నర్సును చూచి విశ్వాసము చాలదని చెప్పువారున్నారు. ఆ మాట నాకు నచ్చదు. ఆమె చెప్పునది వినుడి, ఆమె ఇంటిపని కొన్నాళ్లు పంచుకొనుడి. వారములు గడచినను నిద్రాహారములు తిరిగిరానియెడల వైద్యునియొద్దకు తీసికొనిపొండి. ప్రభుత్వమువారి టెలీ మానస్ ఫోను సంఖ్య 14416 కూడ ఇందుకే యున్నది.

నైటింగేలుకు విశ్రమించుట చేతకాలేదు. పడకలోనుండియే పని. తన తోడి పనివాడైన సిడ్నీ హెర్బర్టు జబ్బుతోనున్నను ఆయనను కూడ పనికి తరుముచుండెను. 1861లో ఆయన చనిపోగా ఆమె దుఃఖమునకు మేరలేదు. తన అలసటను ఒప్పుకొననివారు ఇతరుల అలసటను చూడలేరేమో.

అయినను దేవుడు ఆ మంచమును వ్యర్థము చేయలేదు. 1860లో లండనులోని సెయింటు తామసు ఆస్పత్రిలో ఆమె పేరిట దాదుల పాఠశాల తెరువబడెను. మన దేశమునకు ఎన్నడును రాకపోయినను ఇక్కడి పల్లెల నీటిని, కరవులను గూర్చి విస్తారముగా వ్రాసెను. మన ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన కాటను దొరగారితో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపెను. వృద్ధాప్యములో మనస్సు కొంత నెమ్మదించినదందురు. చూపు మాత్రము పోయెను. 1910 ఆగస్టు 13న లండనులో నిద్రించెను. పూర్వము రాజులను పాతిపెట్టిన వెస్టుమినిస్టరు ఆలయములో చోటిచ్చెదమనిరి గాని ఆమె కోరిక ననుసరించి బంధువులు ఒప్పుకొనలేదు. ఈస్టు వెల్లో గ్రామములోని చిన్న దేవాలయపు ఆవరణలో, తలిదండ్రుల ప్రక్కనే ఆమెను ఉంచిరి. పెట్టెను మోసినవారు సైనికులు. రాతిమీద ఆమె పేరులోని రెండు మొదటి అక్షరములు, పుట్టిన దినము, పోయిన దినము మాత్రమే చెక్కించిరి.