సాళువ నరసింహరాయలు: అశ్వసంపద, అశ్వసంవాహనము

విజయనగర సింహాసనమున సాళువ నరసింహరాయలు కూర్చున్న కాలము ఆరేండ్లు మాత్రమే. 1485లో సంగమ వంశమునుండి రాజ్యమును గైకొని, 1491లో ఆయన గతించెను. అయినను చీలిపోవుచున్న రాజ్యమును నిలబెట్టినవాడగుటచే చరిత్రమున ఆయన స్థానము చిన్నది కాదు. పిల్లలమర్రి పినవీరభద్రుని జైమినిభారతమునకు కృతిపతిగా సాహిత్యలోకమునకు ఆయన సుపరిచితుడు. ధర్మరాజు యాగాశ్వము వెంట నడచు ఆ కథను అంకితమందిన ప్రభువే, నిజజీవితమున గుర్రముల కొరకు అసాధారణమైన వెల చెల్లించెను. ఆ వెలను, గుర్రమును బ్రతికించుకొనుటకు వలసిన సేవను కలిపి పరిశీలించినపుడే ఆయన రాజనీతిలోని బలమును, కొరతయును తేటపడును.

నరసింహరాయలు సాళువ గుండరాజు కుమారుడు. ఆ వంశమున పూర్వుడైన సాళువ మంగు, కుమార కంపన మధురపై సాగించిన దండయాత్రలో పాల్గొని ఖ్యాతి గడించినవాడు. నరసింహుని రాజకీయజీవితమునకు పీఠము చంద్రగిరి దుర్గము. తిరుమల దేవాలయమునకు ఆయన చేసిన దానములను, కందాడై రామానుజ అయ్యంగారి నిర్వహణమున సాగిన రామానుజకూటములను శాసనములు తెలుపుచున్నవి. తాళ్లపాక అన్నమాచార్యునితో ఆయనకు గల మైత్రిని, పిదప కలిగిన విరసమును చిన్నన్న తన ద్విపదచరిత్రమున వర్ణించెను. సంస్కృతమున రామాభ్యుదయము ఆయన పేరనే వెలసినది; రాజనాథ డిండిముడు సాళువాభ్యుదయమున ఆయన విజయములను కావ్యబద్ధము చేసెను.

చంద్రగిరికి ఉత్తరమున ఉదయగిరి దుర్గము, తూర్పున సముద్రతీరము. ఈ నడుమ గూడూరు, చిల్లకూరు మొదలగు ఊళ్లతో కూడిన నెల్లూరుసీమ విస్తరించియున్నది. ఉత్తరమునుండి ఒత్తిడి తెచ్చుచున్న గజపతులకును, దక్షిణమును కాపాడుకొనదలచిన విజయనగరమునకును ఈ సీమ సరిహద్దు. 1481లో బహమనీ సుల్తాను మూడవ మహమ్మదు కంచి వరకు దూసుకొనివచ్చి నగరమును దోచుకొనెను. అట్టి వేగవంతమైన దాడిని ఎదుర్కొనుటకు అశ్వబలమే శరణ్యము. దక్షిణదేశమున మేలుజాతి గుర్రములు తగినన్ని పుట్టవు. అవి ఆరేబియా, పారసీక తీరములనుండి ఓడలమీద రావలసినవే. 1472లో గోవా రేవు బహమనీల వశమగుటతో ఆ మార్గము ఇరుకైనది. ఈ చిక్కును గుర్తించిన నరసింహరాయలు తుళునాటి రేవులను స్వాధీనపరచుకొని అశ్వవర్తకమునకు మరల ద్వారములు తెరచెను.

వర్తకులను ఆకర్షించుటకు ఆయన అవలంబించిన పద్ధతిని పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్ తెలిపియున్నాడు. హొర్ముజు, ఏడెను రేవులనుండి వచ్చు గుర్రములను వేయి వరహాలకు మూడు చొప్పున రాయలు కొనెడివాడు. దారిలో సముద్రముమీద చచ్చిన గుర్రమునకు తోకను మాత్రము తెచ్చి చూపినను, బ్రతికిన దానితో సమానముగా వెల చెల్లించెడివాడట. ఇది వెర్రి ఔదార్యము కాదు. ప్రయాణనష్టమును రాజే భరించినచో, వర్తకుడు శత్రువు రేవునకు పోక ఈ రేవునకే వచ్చును. కాని ఆ తోకల లెక్క మరియొక సత్యమును గూడ చాటుచున్నది: గుర్రమును కొనుట ఒకటి, నిలుపుకొనుట వేరొకటి.

ఈ సత్యము అంతకు రెండు శతాబ్దముల ముందే వెల్లడియైనది. మోటుపల్లిని గూర్చియు వ్రాసిన మార్కోపోలో, దక్షిణతీరపు పాండ్యప్రభువులు ఒక్కొక్కరు ఏటేట రెండువేల గుర్రములను కొనినను, సంవత్సరాంతమునకు నూరైనను మిగులవని పేర్కొనెను. సరియైన పోషణ తెలిసినవారు లేకపోవుటయే అందుకు హేతువని ఆయన నిర్ణయము.

శాస్త్రము లేక ఈ లోపము ఏర్పడలేదు. అగ్నిపురాణమున శాలిహోత్రుడు సుశ్రుతునకు అశ్వచికిత్సను బోధించెను. నకులుని పేర అశ్వచికిత్సితము, జయదత్తుని అశ్వవైద్యకము ప్రసిద్ధములు. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణములను పద్యములలో కూర్చెను. కౌటిల్యుడు అశ్వాధ్యక్ష ప్రకరణమున గుర్రములకు దినమునకు రెండుమార్లు స్నానము, గంధమాల్యములు విధించి, త్రాళ్లు పట్టువాడు మొదలుకొని వెండ్రుకలు కత్తిరించువాని వరకు పరిచారకులను పేర్కొనెను. చికిత్సాలోపమున రోగము ముదిరినచో వ్యయమునకు రెట్టింపు, గుర్రము చచ్చినచో దాని వెల దండుగగా వసూలు చేయవలెనని శాసించెను. చచ్చిన గుర్రపు వెలను కౌటిల్యుడు పోషకుని తలమీద మోపగా, నరసింహరాయలు తన బొక్కసముమీద మోపుకొనెను.

పోషణలో సంవాహనము, అనగా వాడుకలో మాలీసు, ముఖ్యాంగము. ఓడ గర్భమున వారములతరబడి నిలిచియే యున్న గుర్రమునకు కాళ్లు వాచును, కండరములు బిగియును. పండుకొన వీలులేనందున గాఢనిద్రయు దొరకదు. భూమి దిగిన వెంటనే దానిని పరుగెత్తించుట హాని. మొదట మెల్లగా నడిపించి, ఊపిరి కుదుటపడిన పిమ్మట గడ్డిచుట్టతో చెమటను ఒత్తి తుడువవలెను. గుర్రపు చెమటలో ఉప్పు అధికము; అది దుమ్ముతో కలిసి ఎండినచో జీను క్రింద చర్మము ఒరసి పుండగును. పిదప మెడ, భుజము, వీపు, పిరుదులయందలి దట్టమైన కండరములను అరచేతితో అదిమి మర్దించుట, ఎముక పైకి తేలిన చోట్ల తేలికగా నిమురుట, కాళ్లను క్రిందినుండి పైకి, గుండె దిక్కుగా రాయుట క్రమము. దీనివలన బిగువు సడలును, వాపు తగ్గుటకు సాయమగును.

అంతకు మించిన లాభము పరీక్ష. ప్రతిదినము ఒడలంతయు తడుము చేతికి వేడిమి, గడ్డ, నొప్పి అన్నిటికన్న ముందు తెలియును. నొక్కినచోట చెవులు వెనుకకు వాల్చినచో అది బాధకు గుర్తు. గుర్రములు ఒకదాని మూపును మరియొకటి పండ్లతో గోకుకొనుట సహజము. ఆ చోట మనిషి గోకినను గుండెవేగము తగ్గునని 1993లో ప్రకటితమైన పరిశీలనము నిరూపించెను. అయినను సంవాహనము సర్వరోగహారి కాదు. విరిగిన ఎముకపైనను, వేడితో కూడిన క్రొత్తవాపుపైనను, జ్వరమునందును మర్దనము కూడదు. అక్కడ వైద్యునిదే పని.

నరసింహరాయల చివరి దినములలో ఉదయగిరి పురుషోత్తమ గజపతి వశమయ్యెను. రాయచూరు, ఉదయగిరి, కొండవీడు దుర్గములను సాధింపవలెనని ఆయన మరణశయ్యపై నరసానాయకునకు అప్పగింత పెట్టినట్లు నూనిజ్ వ్రాసెను. నరసానాయకుని కుమారుడు శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని, 1520లో రాయచూరును గెలిచి ఆ కోరికను తీర్చెను. విజయనగరప్రభువు కొలువున గుర్రములకు 1,600 మంది పరిచారకులు, 300 మంది శిక్షకులు ఉండిరని ఆ నూనిజే లెక్క చెప్పుచున్నాడు. నరసింహరాయలు రేవులు తెరచి గుర్రములను రప్పించెను. అవి యుద్ధభూమి వరకు నిలుచుటకు ఈ పేరులేని పరిచారకుల చేతులు కావలసివచ్చెను. విజయములు శాసనములకెక్కినవి, ఆ చేతుల సేవ ఎక్కలేదు. అశ్వశాస్త్రగ్రంథములను చదువువారు వానిని లక్షణగ్రంథములుగనే కాక, ఆ శ్రమకు మిగిలిన సాక్ష్యములుగను పరిశీలింపవలసియున్నది.