రెండు వేల రూపాయల కారు

మా హాస్టల్లో అండర్‌రేటెడ్ అనే మాట వినపడని రోజు లేదు. మొన్నయితే రాత్రి ఒంటిగంట దాకా ఒకటే గొడవ, ఇండియాలో జనం చిన్నచూపు చూసిన ఫ్యామిలీ సెడాన్ ఏదని. ఒకడు ఫియట్ లీనియా టి-జెట్ అంటాడు, ఇంకొకడు ఆక్టేవియా ఆర్‌ఎస్ అంటాడు. చూస్తే ఇంటిల్లిపాదీ పెళ్ళికి పోయే కారు, తొక్కితే మాత్రం రాకెట్ అని ఇద్దరి వాదనా. నా ఓటు ఆ రెండిటికీ కాదు. నేను చెప్పే కారు సెడాన్ కూడా కాదు, ఉన్నవే రెండు సీట్లు. మార్కెట్‌కే రాలేదు. దాన్ని చేసినాయన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. జి.డి. నాయుడు అంటే కోయంబత్తూరులో తెలియనివాళ్ళు ఉండరు. మన క్లాసులో అడిగితే ఇద్దరు చెయ్యెత్తితే ఎక్కువ.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. మన పెనుకొండ కోట కళకళలాడిన విజయనగర కాలంలో, ఆ తర్వాత నాయకుల కాలంలో ఇట్లాంటి కుటుంబాలు చాలానే దక్షిణానికి పోయి అక్కడే స్థిరపడ్డాయి. స్కూలు చదువు మాత్రం ఆయనకు అబ్బలేదు.

ఒకరోజు ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి రడ్జ్ మోటార్‌సైకిల్ మీద పోతుంటే చూశారు. అంతే, పిచ్చి పట్టింది. కోయంబత్తూరు పోయి హోటల్లో సర్వర్‌గా చేరి, ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టి చివరికి ఆ బండినే కొన్నారు. మనమైతే ఫొటో దిగి స్టేటస్ పెట్టి ఊరంతా రౌండ్లు కొడతాం. ఆయన దాన్ని నట్టు నట్టు విప్పేసి మళ్ళీ బిగించారు. మెకానిక్ పని అట్లా వచ్చింది. యూట్యూబ్ లేదు, మాన్యువల్ చదివి చెప్పేవాళ్ళు లేరు. మనం వారంటీ పోతుందని ల్యాప్‌టాప్ వెనక మూత కూడా తియ్యం.

పత్తి వ్యాపారంలో కొంత సంపాదించి, బొంబాయి పోయి అదంతా పోగొట్టుకున్నారు. మళ్ళీ మొదటికొచ్చారు. 1920లో, స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి సాయంతో ఒక బస్సు కొని, పొల్లాచి నుంచి పళనికి తనే నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది, దేశంలో పేరున్న బస్సు కంపెనీల్లో ఒకటిగా నిలిచింది. 1937లో ఆయన పీలమేడు ఫ్యాక్టరీ నుంచి మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటార్ వచ్చింది. రసంత్ అనే ఎలక్ట్రిక్ రేజర్, పళ్ళరసం తీసే మిషను, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసం చెయ్యడానికి వీల్లేని ఓటింగ్ మిషను... లిస్టు రాస్తే ఈ సంచిక చాలదు.

మనకు బాగా కావాల్సిన ముక్క 1945లో ఉంది. ఆయన ప్రయత్నంతో, విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే. ప్రిన్సిపాల్ కూడా ఆయనే. ఇంజనీరింగ్‌కు నాలుగేళ్ళు దండగ, రెండేళ్ళు చాలని ఆయన గట్టిగా నమ్మారు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన కుర్చీ వదిలేసి వెళ్ళిపోయారు. అటెండెన్స్ కోసం లాస్ట్ బెంచీలో కూచున్నప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తారు. అయితే నాలుగేళ్ళు పూర్తిగా దండగని నేననను. ఆయనకున్నంత పిచ్చి మనలో ఎంతమందికి ఉంది?

ఇక కారు. 1952లో ఆయన దగ్గర రెండు సీట్ల పెట్రోలు కారు తయారై బయటికొచ్చింది. ధర 2,000 రూపాయలు. అప్పుడప్పుడే ఇండస్ట్రీస్ చట్టం వచ్చింది, 1951ది. ఏది తయారు చెయ్యాలన్నా ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలి. నాయుడుగారికి అది రాలేదు. ఇంజను బాగానే తిరిగింది, కాగితం కదల్లేదు. ఉత్పత్తి ఆగిపోయింది. తర్వాత అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్, ఈ మూడే మన రోడ్లమీద దశాబ్దాల పాటు. మామూలు ఉద్యోగస్థుడు ధైర్యం చేసి కొనగలిగిన చిన్న కారు, మారుతి 800, వచ్చింది 1983లో. మధ్యలో ముప్పై ఒక్క ఏళ్ళు.

రెండు సీట్లు ఫ్యామిలీకి ఏం సరిపోతాయి అని మావాడు ఒకడు ఎగతాళి చేశాడు. ఒరేయ్, మన జిల్లాలో ఒక్క టీవీఎస్ ఎక్సెల్ మీద మొగుడు, పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, శనక్కాయ మూట పోతున్నారు కదరా. పెర్ఫార్మెన్స్ అంటే వంద స్పీడు ఎన్ని సెకన్లలో అందుకుందనే లెక్క ఒక్కటేనా? రూపాయికి ఎంత పనిచేసిందని లెక్కేస్తే ఆ కారును కొట్టేది నాకైతే కనపళ్ళేదు.

ఇప్పుడు ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది, 2019లో మొదలైంది. వానల్లేని మన నేలమీదే కార్లు పుడుతున్నాయి. జాతీయ రహదారి 44 మీద ట్రైలర్లు వాటిని మోసుకుపోతుంటే చూసినప్పుడు, అదే రోడ్డున సేలం దాకా పోయి పక్కకు తిరిగితే వచ్చే కోయంబత్తూరులో ఒకాయన అరవై ఏడేళ్ళ ముందే కారు చేసి పెట్టుకున్నాడు కదా అనిపిస్తుంది.

కారు ఆగినా ఆయన ఆగలేదు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలో కొత్త రకాల మీద కూడా పనిచేశారు. ఆయన పొలం చూడ్డానికి సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య అంతటివాళ్ళు వచ్చారు. 1974 జనవరి 4న చనిపోయారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరుమీద మ్యూజియం ఉంది, పాత కార్లకైతే ఇంకోటి విడిగా ఉంది. సెమ్ హాలిడేస్‌లో పోదామనుకుంటున్నా. వచ్చేవాళ్ళు క్లబ్ గ్రూపులో పేరు పెట్టండి.