పావులూరి మల్లన లెక్కకు ఒక్కటి కలిపితే

ఆర్యభట్టు, భాస్కరుడు, రామానుజన్ పేర్లు మన బడిలో చదివిన వాళ్లందరికీ తెలుసు. పావులూరి మల్లన పేరు తెలుగు వాచకంలో తప్ప లెక్కల పీరియడులో వినబడదు. లెక్కల మాస్టారుగా నాకది ఎప్పుడూ వెలితే. అందుకే సువర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమనగానే ఆయన్నే ఎంచుకున్నాను.

మల్లన మనకు పొరుగువాడే. ఇంకొల్లు దగ్గరి పావులూరు ఆయన ఊరు. ఆనాటి పేరుతో చెప్పాలంటే కమ్మనాడు. మల్లనలు ఇద్దరున్నారు. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి వల్ల పిఠాపురం దగ్గరి నవఖండవాడను అగ్రహారంగా పొందినవాడు ఒకరు, ఆయన మనవడు ఇంకొకరు. గణితం రాసింది తాతా మనవడా అన్న తగువు పండితుల మధ్య ఇంకా ఉంది. తాతే అయితే ఆయన నన్నయకు సమకాలికుడు. నాకు ఆ తగువు కంటే పుస్తకం ముఖ్యం.

9వ శతాబ్దంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. 1 నుంచి 6 దాకా ఎక్కి మళ్లీ 1కి దిగే 12345654321 లాంటి అందమైన సంఖ్యలు అందులో ఉన్నాయి. అది 111111కు వర్గం. శైవుడైన మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో తొలి శాస్త్రగ్రంథంగా దానికి పేరు. లెక్కలు తెలుగులో చెబితే కుదరదనే తల్లిదండ్రులకు నేను చెప్పే మొదటి జవాబు ఈయనే.

మల్లన పేరుతో బాగా ప్రచారంలో ఉన్నది చదరంగం పద్యం. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా 64 గళ్లూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? 20 అంకెల జవాబు, 1,84,46,74,40,73,70,95,51,615, ఒక్క పద్యంలో ఇమిడిపోయింది. చంద్రుడంటే 1, అగ్ని అంటే 3, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి.

మన డెల్టా వాళ్లం కాబట్టి వడ్లతో చూద్దాం. వెయ్యి గింజలు 25 గ్రాములనుకుంటే ఇది 46 వేల కోట్ల టన్నులు దాటుతుంది. ప్రపంచమంతా ఏటా 80 కోట్ల టన్నులు పండించినా అయిదున్నర వందల ఏళ్లకు పైగా పడుతుంది!

అసలు అందం ఇంకోటుంది. ఆ సంఖ్యకు 1 కలపండి. చివర 616 వస్తుంది, సంఖ్య సంపూర్ణ వర్గమవుతుంది. దాని వర్గమూలం 4,29,49,67,296. అదీ వర్గమే, మూలం 65,536. దాని మూలం 256, తర్వాత 16, 4, 2. అంటే 2ను ఆరుసార్లు వర్గం చేసి ఒకటి తీసేస్తే చాలు, 64 గళ్లూ కూడనక్కర్లేదు.

పద్యం నోటి నుంచి నోటికి, తాటాకు నుంచి తాటాకుకు వచ్చింది. మధ్యలో ఎవరైనా ఒక మాట మార్చేసి ఉంటే? పదో తరగతికి నేనిచ్చే పని ఇదే. పైన చెప్పిన వర్గాలకు అంకెల మొత్తం ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ వెళ్తే వరసగా 4, 7, 4, 7, 4, 7 వస్తాయి. మల్లన సంఖ్యకు 1 కలిపి అంకెలు కూడితే 88, దాన్ని కూడితే 16, అంటే 7. సరిపోయింది. బోర్డు మీద నేను కావాలనే ఒక అంకె మార్చి రాస్తే పిల్లలు నిమిషంలో పట్టేస్తారు. సున్నను 9 చేసినా, రెండంకెలు తారుమారు చేసినా ఈ కిటుకుకు దొరకదు. అప్పుడు మాత్రం 4,29,49,67,296ను చేత్తో వర్గం చేయాల్సిందే. ఆ రోజు పీరియడు అయిపోయినా ఎవరూ కదలరు.