తాటిచెట్టు తెగులును పోల్చిన బట్లరుగారు

గోదావరి సీమ విడిచి వచ్చిన మన కుటుంబాలవారికి తాటిచెట్టు సంగతి చెప్పనక్కరలేదు. ముంజలు, తేగలు, ఇంటికప్పు, వేసవిలో విసనకర్ర, అన్నీ దాని చలవే. ఆ చెట్టుకు ముప్పు వచ్చినప్పుడు కారణం కనిపెట్టిన ఒక పెద్దను ఈ ఉగాదినాడు స్మరించడం ఉచితమని మాకు తోచింది.

ఎడ్విన్ జాన్ బట్లరుగారు 1874లో ఐర్లండు దేశంలోని కిల్కీలో పుట్టారు. చదివింది మనుషుల వైద్యం. మనసు పోయింది మొక్కల తెగుళ్ళ మీదికి. 1901లో కలకత్తా వచ్చి, తరువాత బీహారులోని పూసా పరిశోధనాలయంలో శిలీంధ్ర శాస్త్రజ్ఞులుగా పనిచేశారు.

పుట్టగొడుగునైతే గొడుగు, కాడ చూచి కొంతవరకు పోల్చుకోవచ్చు. నేలలోనే గుండ్రంగా దాగివుండే జాతులను కోసి, లోపలి సిద్ధబీజాలను సూక్ష్మదర్శినిలో చూడాలి. ఇక కంటికి ఆనని తెగులు బూజు సంగతి వేరే చెప్పాలా? బీజమే దాని చిరునామా.

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్ళి చనిపోతూ వుండేవి. మచ్చ ముందు మట్టల మొదళ్ళలో పుట్టి, పొర వెంట పొర దాటి మొవ్వును చేరుతున్నదని బట్లరుగారు కనుగొన్నారు. తాటికి మొవ్వు ఒక్కటే. అది పోతే చెట్టు పోయినట్లే. తెగులు తగిలిన తలలను నరికి కాల్చడమే మిగిలినవాటికి రక్ష అయింది. నిలువెత్తు చెట్టు తల నరకడానికి ఏ రైతుకు మనసొప్పుతుంది? అందుకే గుర్తింపు తప్పకూడదు.

1907లో ఆయన ఆ తెగులుకు పిథియం పాల్మివోరం అని పేరు పెట్టారు. బీజకోశంలోని పదార్థం బయటి బుడగలోకి వచ్చి ఈదే కణాలుగా విడిపోతే పిథియం. కోశం లోపలే విడిపోతే ఫైటోఫ్తోరా. 1919లో ఆయనే దానిని ఫైటోఫ్తోరాలోకి మార్చారు. చీటీ తప్పితే పార్సెలు దారి తప్పుతుందని మా రైల్వేవారికి తెలుసు. తాను అంటించిన చీటీని తానే మార్చడం పెద్దల లక్షణం.

1920లో ఇంగ్లండు వెళ్ళి, క్యూలోని శిలీంధ్ర సంస్థకు మొదటి డైరెక్టరయ్యారు. 1931లో బిస్బీగారితో కలిసి భారతదేశపు శిలీంధ్రాల పట్టిక వెలువరించారు. 1939లో సర్ బిరుదు పొంది, 1943లో కాలధర్మం చెందారు.

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల్లో పండే ఉర్లగడ్డను, టమోటాను మాడ్చివేసే అంగమారి తెగులు కూడా ఫైటోఫ్తోరా వంశానిదే. ఆ వంశాన్ని నేటి శాస్త్రజ్ఞులు అసలు శిలీంధ్రాలనుండి వేరుచేసి, నాచుల చుట్టంగా లెక్కిస్తున్నారు. పేర్లు మారినా నీతి మారలేదు: ఆకు మాడగానే దొరికిన మందు చల్లక, తెగులేదో ముందు తెలుసుకోవాలి.

సోదరసోదరీమణులందరికీ కొత్త సంవత్సరం పాడిపంటలతో నిండుగాక!