పాతాళపు లోతు చూచిన విదుషి

మన పురాణాలు భూమికి దిగువన అతలం మొదలు పాతాళం వరకు ఏడు లోకాలను చెప్పాయి. కవులు ఆ లోకాలలో మణిదీపాలు వెలిగించారు. నాగరాజులకు కొలువులు తీర్చారు. మానవుడు కాలు మోపలేని చోటికి ముందుగా ఊహ చేరుతుంది. శాస్త్రం చేరడానికి చాలా కాలం పడుతుంది. చంద్రునిపై నడిచి వచ్చిన మానవుడు తన కాళ్ళ కింది నేలను మాత్రం 12 కిలోమీటర్ల పైచిలుకు లోతుకు మించి తవ్వలేకపోయాడు. భూమి నడిబొడ్డు 6,371 కిలోమీటర్ల లోతున ఉన్నది. అక్కడ ఏమున్నదో కంటితో చూచి చెప్పగలవారు లేరు.

కన్ను చేరని చోట బుద్ధి చేరే మార్గాన్ని మన తార్కికులు అనుమాన ప్రమాణం అన్నారు. కొండ మీద పొగను చూచి అక్కడ నిప్పు ఉన్నదని నిశ్చయించడం దీనికి వారు చెప్పే ఉదాహరణ. ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు. కనిపించిన గుర్తును ఆధారంగా చేసుకొని కనిపించని వస్తువును నిర్ధారించడం. ఇటువంటి మార్గంలోనే భూమి నడిమధ్యన మరొక గోళం ఉన్నదని 1936లో లోకానికి తెలిపిన విదుషి డెన్మార్క్ దేశీయురాలు ఇంగే లేమన్.

లేమన్ 1888 మే 13న కోపెన్‌హాగెన్ నగరంలో జన్మించింది. తండ్రి ఆల్ఫ్రెడ్ లేమన్ ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రంలో పేరుగాంచిన పండితుడు. ఆ రోజుల్లో ఐరోపాలో సైతం ఆడపిల్లల చదువుకు ఎన్నో హద్దులు ఉండేవి. లేమన్ చదివిన పాఠశాల అందుకు భిన్నమైనది. దానిని నడిపిన హన్నా ఆడ్లర్, ప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ తల్లికి తోబుట్టువు. ఆ బడిలో బాలబాలికలు ఒకే గదిలో కూర్చుని ఒకే పాఠం చదివేవారు. మగపిల్లలు కుట్టుపని నేర్చేవారు. ఆడపిల్లలు బంతి ఆటలు ఆడేవారు. తెలివితేటలకు స్త్రీపురుష భేదం లేదన్న భావం ఆమె మనస్సులో బాల్యంలోనే పాదుకొన్నది.

బడి వెలుపలి లోకం అలా లేదు. 1907లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర అధ్యయనం ప్రారంభించిన లేమన్, 1910లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్ళి న్యూన్‌హామ్ మహిళా కళాశాలలో చేరింది. చిన్ననాట ఎరుగని కట్టుబాట్లు అక్కడ ఎదురయ్యాయి. స్త్రీలు పాఠాలు వినవచ్చు, పరీక్షలు రాయవచ్చు. పురుషులతో సమానంగా పట్టా పుచ్చుకొనే హక్కు మాత్రం ఆ విశ్వవిద్యాలయంలో వారికి 1948 దాకా దక్కలేదు. మితిమీరిన శ్రమతో ఆమె ఆరోగ్యం దెబ్బతిన్నది. 1911 చివర చదువు ఆపి స్వదేశానికి తిరిగివచ్చింది. కొన్నేళ్ళపాటు బీమా లెక్కలు కట్టే కార్యాలయంలో పనిచేసింది. అంకెలతో విసుగు లేకుండా మెలగే నేర్పు ఆమెకు అక్కడ అలవడింది. 1918లో మళ్ళీ విశ్వవిద్యాలయంలో చేరి 1920లో పట్టా పొందేనాటికి ఆమె వయస్సు ముప్పై రెండేళ్ళు.

1925లో భూమాపనశాస్త్రవేత్త నీల్స్ ఎరిక్ నార్లండ్ వద్ద సహాయకురాలిగా చేరడంతో ఆమె జీవితం మలుపు తిరిగింది. డెన్మార్క్‌లోను, మంచుదీవి అయిన గ్రీన్‌లాండ్‌లోను భూకంప పరిశీలన కేంద్రాలు నెలకొల్పే పని ఆమెకు లభించింది. 1928లో డెన్మార్క్ భూమాపన సంస్థలో భూకంప విభాగానికి అధిపతి అయింది. విభాగం పేరు పెద్దదే గాని, చాలాకాలం ఆ దేశంలో భూకంపశాస్త్రవేత్త ఆమె ఒక్కతే. పైగా డెన్మార్క్‌లో భూకంపాలు చాలా అరుదు. ప్రపంచంలో మరెక్కడో భూమి కంపిస్తే, ఆ కదలిక భూగర్భం గుండా ప్రయాణించి వచ్చి తమ యంత్రాలలో గీసే సన్నని గీతలను చదవడమే ఆమె నిత్యకృత్యం.

ఆ గీతలు చదివే విద్యకు మన దేశంతో సంబంధం ఉన్నది. 1897 జూన్ 12న అస్సాం ప్రాంతంలో మహాభూకంపం సంభవించింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేస్తున్న రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ దానిని పరిశీలించి, భూకంప తరంగాలు ఒక్క తీరువి కావని నిరూపించాడు. ముందుగా వచ్చేవి ప్రాథమిక తరంగాలు. వెనుక వచ్చేవి ద్వితీయ తరంగాలు. నేల ఉపరితలం వెంట సాగేవి మూడవ రకం. ప్రాథమిక తరంగాలు ఘనపదార్థం గుండా, ద్రవం గుండా కూడా సాగుతాయి. ద్వితీయ తరంగాలు ద్రవంలో సాగలేవు. భూమి లోపల ఒక కేంద్ర మండలం ఉన్నదని 1906లో ఓల్డ్‌హామ్ చెప్పగా, అది సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలవుతుందని బెనో గుటెన్‌బర్గ్ లెక్కకట్టాడు. అది ద్రవరూపంలో ఉన్నదని 1926లో హెరాల్డ్ జెఫ్రీస్ వాదించాడు. కేంద్ర మండలమంతా కరిగిన లోహపు ముద్ద అన్నదే నాటి విజ్ఞుల అభిప్రాయం.

నీటిలో ముంచిన కర్ర వంగినట్లు కనిపిస్తుంది. గాలి నుంచి నీటిలోకి, నీటి నుంచి గాలిలోకి సాగేటప్పుడు కాంతి దారి మళ్ళడమే అందుకు కారణం. భూకంప తరంగాలు కూడా ద్రవమండలం తాకగానే అలాగే దారి మళ్ళుతాయి. అందువల్ల భూకంపస్థానం నుంచి సుమారు 103 డిగ్రీల దూరం మొదలు 142 డిగ్రీల దూరం వరకు ప్రాథమిక తరంగాలు నేరుగా చేరని ఒక పట్టీ ఏర్పడుతుంది. దానిని ఛాయామండలం అంటారు. అక్కడి యంత్రాలు మౌనంగా ఉండాలి. కాని అవి పూర్తిగా మౌనంగా ఉండేవి కావు. బలహీనమైన కదలికలు కొన్ని వాటిలో నమోదయ్యేవి. అవి ద్రవమండలపు అంచును ఒరుసుకొని చెదిరి వచ్చిన తరంగాలని పండితులు సరిపెట్టుకొన్నారు.

1929 జూన్ 17న న్యూజీలాండ్ దక్షిణ దీవిలో మర్చిసన్ పట్టణం సమీపాన పెద్ద భూకంపం సంభవించి పదిహేడుగురు మరణించారు. న్యూజీలాండ్ ఐరోపాకు దాదాపు భూగోళపు ఆవలి కొసన ఉన్నది. అక్కడ పుట్టిన తరంగాలు ఐరోపాకు రావాలంటే భూమి అడుగుపొరలను దాటి రావాలి. నాటి సోవియట్ దేశంలోని స్వెర్ద్‌లోవ్‌స్క్, ఇర్కుట్‌స్క్ కేంద్రాల నమోదులతో సహా ఎన్నో దేశాల పత్రాలను లేమన్ సేకరించింది. గణనయంత్రాలు లేని కాలమది. తరంగాలు చేరిన వేళలను అట్టముక్కల మీద రాసుకొని, ఓటు గింజల పిండి వచ్చే అట్టపెట్టెలలో వరుసగా అమర్చుకొనేది. ఆదివారాలు ఇంటి తోటలో గడ్డి మీద బల్ల వేసుకొని ఆ ముక్కలను పోల్చుకొంటూ కూర్చొనేదని బంధువు ఒకరు తరువాతి కాలంలో తెలిపారు.

ఛాయామండలంలో కనిపించిన ఆ గీతలు ఆమెకు చెదిరిన తరంగాల వలె తోచలేదు. అంచును ఒరుసుకొని వచ్చినవైతే అంత స్పష్టంగా ఉండవు. ద్రవమండలం లోపల, తరంగాలు మరింత వేగంగా సాగే చిన్న గోళం ఒకటి ఉన్నదనుకొని లెక్కకడితే, దానికి తగిలి మళ్ళిన తరంగాలు సరిగ్గా ఆ స్థలాలకే, ఆ వేళలకే చేరుతున్నాయి. పొగ జాడ పట్టుకొని ఆమె నిప్పును చేరుకొన్నది. 1936లో ఈ సిద్ధాంతాన్ని వ్యాసంగా ప్రకటించింది. కొద్ది ఏళ్ళలోనే గుటెన్‌బర్గ్, జెఫ్రీస్ వంటి ఉద్దండులు దానిని అంగీకరించారు. ఆ లోపలి గోళం ఘనరూపంలోని ఇనుమై ఉంటుందని 1940లో ఫ్రాన్సిస్ బర్చ్ సూచించాడు. 1971లో అది ఘనపదార్థమే అన్నదానికి బలమైన ఆధారాలు లభించాయి. నేటి లెక్క ప్రకారం అంతర కేంద్ర మండలపు వ్యాసార్ధం సుమారు 1,220 కిలోమీటర్లు. అక్కడి వేడి 5,000 డిగ్రీల పైమాటే. అయినా పైనున్న పొరల అపారమైన ఒత్తిడి ఇనుమును కరగనీయదు.

ఇంత సాధించిన లేమన్‌కు సొంత ఊరిలో తగిన గౌరవం వెంటనే దక్కలేదు. 1952లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో భూభౌతికశాస్త్ర ఆచార్య పదవికి ఆమె పేరు పరిశీలనకు వచ్చినా, పదవి లభించలేదు. మరుసటి ఏడు ఉద్యోగ విరమణ చేసింది. అరవై అయిదేళ్ళ వయస్సులో చాలామంది విశ్రాంతి కోరుకొంటారు. ఆమె అమెరికాకు ప్రయాణమై, న్యూయార్క్ సమీపంలోని లామాంట్ పరిశోధనశాలలో పని మొదలుపెట్టింది. సుమారు 220 కిలోమీటర్ల లోతున తరంగ వేగం హఠాత్తుగా మారే హద్దును గుర్తించింది. ఆ హద్దు నేడు ఆమె పేరుతోనే వ్యవహరింపబడుతున్నది. 1968లో అదే కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం ఆమెను గౌరవ డాక్టరేటుతో సత్కరించింది. 1971లో అమెరికా భూభౌతిక సంఘం వారి విలియం బోవీ పతకాన్ని అందుకొన్న తొలి మహిళ ఆమె. 1993 ఫిబ్రవరి 21న, నూట నాలుగేళ్ళ నిండు వయస్సులో కన్నుమూసింది.

ఆమె కనుగొన్న గోళం భూమి బతుకుకు ఆయువుపట్టు వంటిది. భూమి మెల్లగా చల్లారుతున్న కొద్దీ ద్రవమండలంలోని ఇనుము గడ్డకట్టి ఆ గోళం మీద పేరుకొంటుంది. అప్పుడు వెలువడే వేడి, విడిపోయే తేలిక మూలకాలు పైకి లేచి కరిగిన లోహాన్ని నిరంతరం కలయబెడతాయి. ఆ ప్రవాహాల వల్ల విద్యుత్తు, విద్యుత్తు వల్ల అయస్కాంత క్షేత్రం పుడతాయి. నావికుని దిక్సూచికి దారి చూపేది అదే. సూర్యుని నుంచి దూసుకువచ్చే విద్యుదావేశ కణాల తాకిడికి కవచమై నిలిచేదీ అదే.

ద్రవం నడుమ ఉన్నందున ఆ గోళం పైపొరలకు గట్టిగా బిగించబడి లేదు. ద్రవమండలంలోని అయస్కాంత శక్తి దానిని తిప్పజూస్తుంది. భూప్రావారపు ఆకర్షణ పట్టి ఉంచజూస్తుంది. లేమన్ మరణించిన మూడేళ్ళకు, 1996లో, ఆమె పనిచేసిన లామాంట్‌లోనే షియావోడాంగ్ సాంగ్, పాల్ రిచర్డ్స్ అనే శాస్త్రవేత్తలు ఆ గోళం భూమి కన్న కొంచెం వేగంగా తిరుగుతున్నదని ప్రకటించారు. తరువాతి పరిశోధకులు ఆ వేగాన్ని తగ్గించి చెప్పారు. సుమారు 2009 ప్రాంతంలో ఈ అధిక వేగం ఆగి, గోళం వెనుకకు మళ్ళినట్లున్నదని 2023లో ఒక పరిశోధన వెలువడింది. 1991 నుంచి 2023 వరకు దక్షిణ శాండ్‌విచ్ దీవుల వద్ద వచ్చిన 121 భూకంపాలను పోల్చిన మరొక పరిశోధన 2024లో దానిని సమర్థించింది. వెనుకకు మళ్ళడమంటే ఎదురుదిశలో తిరగడం కాదు. ఒకే దారిన పోయే రెండు బండ్లలో నెమ్మదించిన బండి రెండవ బండిలోని వారికి వెనుకకు పోతున్నట్లు తోస్తుంది, ఇదీ అంతే. ఈ కదలికల వల్ల మన పగలూ రాత్రీ కలిసిన దినప్రమాణంలో సెకనులో వెయ్యో వంతు స్థాయి మార్పు రావచ్చు. ఆ వేగమెంత, మార్పు ఎన్నేళ్ళకొకసారి అన్న విషయాలలో విజ్ఞుల మధ్య చర్చ ముగియలేదు.

ఆ చర్చ సాగుతున్న తీరు గమనించదగినది. ఒకే చోట, ఒకే తీరున వేర్వేరు ఏళ్ళలో పుట్టిన భూకంపాల గీతలను పక్కపక్కన పెట్టి, వాటి మధ్యనున్న అణుమాత్రపు తేడాను నేటి శాస్త్రవేత్తలు వెదుకుతున్నారు. అట్టపెట్టెల స్థానంలో గణనయంత్రాలు వచ్చాయి. పద్ధతి మాత్రం తోటలో బల్ల ముందు కూర్చొన్న ఆ విదుషిదే. అందరి కంటా పడి, అందరూ సరిపెట్టుకొన్న చిన్న గీతను ఆమె సరిపెట్టుకోలేదు. విద్యార్థులు లేమన్ జీవితం నుంచి నేర్వవలసినది ముఖ్యంగా ఆ అసంతృప్తినే. దానితోపాటు, దానికి సమాధానం దొరికేదాకా ఏళ్ళ తరబడి లెక్కలు కట్టిన ఆ ఓర్పును.