శ్రీ రాఘవేంద్రుల చిన్న నివాసములు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమ హరిభక్తికి ఆటపట్టు. విద్వద్గద్వాలగా ప్రసిద్ధికెక్కిన గద్వాలలో చెన్నకేశవుని సేవించు భక్తులును, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల వైష్ణవ గృహస్థులును మంత్రాలయ యాత్ర చేయుట నేటికిని చూచుచున్నాము. అచ్చట బృందావనమున వెలసిన శ్రీ రాఘవేంద్రతీర్థులు తమ జీవితమున ఎన్నడును విశాలభవనమును కోరినవారు కారు.

1595లో తమిళదేశమందలి భువనగిరిలో తిమ్మణ్ణభట్టు, గోపికాంబ దంపతులకు శ్రీ వేంకటేశ్వరుని అనుగ్రహమున జన్మించిన శిశువునకు వేంకటనాథుడని పేరిడిరి. అతడు మధురలో బావగారగు లక్ష్మీనరసింహాచార్యుల యొద్ద చదువుకొని, సరస్వతీదేవిని పెండ్లాడి, కుంభకోణమున సుధీంద్రతీర్థుల సన్నిధిని శాస్త్రాధ్యయనము సాగించెను.

ఆ ఇంట లేమి తాండవించెను. పొయ్యి రాజని దినములు ఉండెడివి. కట్టుబట్ట చిరుగులు పట్టెను. ఉన్న పాత్రలను సైతము దొంగలు కొనిపోయిరని పెద్దలు చెప్పుదురు. అయినను పాఠము చెప్పినందులకు వేంకటనాథుడు ఎవరిని ఒక కాసైన అడుగలేదు. వీణ మీటుచు, పగలు బోధించుచు, రాత్రులు టీకలు వ్రాయుచు సంతృప్తుడై యుండెను. ఒక రేయి గ్రంథము ప్రక్కనే నిదురించుచున్న ఆ శిష్యునిపై సుధీంద్రులు తమ శాలువను కప్పి వెడలిరట.

ఆ కాపురము నిలిచినది అతని ఒక్కని ఓర్పుచేత కాదు; అందు సరస్వతమ్మ సహనము సగపాలు. పీఠమును స్వీకరింపుమని గురువు కోరినపుడు వేంకటనాథుడు ఆలిని, చిన్నవాడగు లక్ష్మీనారాయణుని తలచి వెనుకాడెను. తుదకు 1621లో తంజావూరున సన్న్యసించి రాఘవేంద్రతీర్థులయ్యెను. ఆ వార్త విని ఆమె బావిలో పడి ప్రాణములు విడిచెననియు, స్వామి తీర్థము ప్రోక్షించి ఆమెకు ముక్తినొసగిరనియు సంప్రదాయము. చిన్న ఇంటి సుఖమును కొనియాడునపుడు ఆ ఇల్లాలి దుఃఖమును మరచుట తగదు.

పీఠాధిపతులైన పిదప రాజసత్కారములకు కొదువ లేదు. అయినను స్వామి రాయచూరు సీమలోని గాణధాళున ఒక గుహలో పండ్రెండేండ్లు తపమాచరించి పంచముఖాంజనేయుని దర్శించిరని ప్రతీతి. తుంగభద్రాతీరమున బిచ్చాలిలో భక్తుడగు అప్పణాచార్యుని ఇంట ఆతిథ్యము గైకొనిరి. ఆదవాని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ గ్రామదానము చేయగోరినపుడు, సారవంతములగు ఊళ్ళను కాదని మంచాల యను చిన్న పల్లెను కోరుకొనిరి. అదియే నేటి మంత్రాలయము. 1671 శ్రావణ బహుళ విదియనాడు సజీవులై బృందావన ప్రవేశము చేసిరి. ఒక మనిషి కూర్చుండుటకు సరిపడు ఆ శిలామందిరమే వారి కడపటి ఇల్లు. దాని చుట్టును లక్షలాది భక్తులకు చోటు దొరకినది.

ఒకటి రెండు గదుల ఇండ్లలో కాపురముండువారు తావు చాలదని దిగులుపడుట సహజము. దేవుని పీటకు ఒక మూల, గ్రంథమునకు ఒక గూడు, అతిథికి ఒక చాప, ఇల్లాలి శ్రమను పంచుకొను మనస్సు ఉన్నచో ఆ ఇల్లు ఇరుకు కాదు. ఆ ఇంటికి గురురాజుల అనుగ్రహము తప్పక కలుగుగాక.