మట్టి ఇల్లు కట్టుకున్న మహాకవి



మీలో చాలామంది ఈపాటికి రెండు మూడు ఊళ్ళు మారి ఉంటారు. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే అట్టపెట్టెలు సర్దడం, కొత్త క్వార్టర్ తాళం తీయగానే ఏ గది ఎవరిదో తేల్చుకోవడం మీకు అలవాటే. ఈ ఉద్యోగంలో చేరాక నేనూ అలాగే ఊళ్ళు తిరుగుతున్నాను. ఎక్కడికి వెళ్ళినా, ఎవరో గీసిన ప్లాను ప్రకారం కట్టిన ఇంట్లోనే ఉన్నాను. కిటికీ ఎటు ఉండాలి, వరండా ఎంత వెడల్పు ఉండాలి అని నన్నెవరూ అడగలేదు. మిమ్మల్నీ అడిగి ఉండరు.

అందుకే ఈసారి మీకు, తన ఇంటిని తానే ఊహించుకుని పల్లెటూరి నేల మీద కట్టించుకున్న ఒక పెద్దమనిషి కథ చెబుతాను. ఆయన కట్టించుకున్నది ఒక ఇల్లు కాదు, వరసగా కొన్ని ఇళ్ళు. ఆయన మీకు కొత్తవారు కాదు. మనం పాడుకునే జాతీయ గీతాన్ని రాసిన రవీంద్రనాథ్ ఠాగూర్.

రవీంద్రుడు 1861 మే 7న కలకత్తాలోని జొరాసాంకో ఇంట్లో పుట్టారు. అది చాలా పెద్ద లోగిలి. అన్నలు, అక్కలు, వదినలు, బంధువులు, నౌకర్లతో ఎప్పుడూ సందడిగా ఉండేది. అంత పెద్ద ఇంట్లో పిల్లవాడికి మాత్రం స్వేచ్ఛ లేదు. చిన్నతనంలో ఆయన్ని ఎక్కువగా నౌకర్లే చూసుకునేవారు. వారిలో ఒకడు తన పని తేలిక చేసుకోవడానికి పిల్లవాణ్ణి ఒకచోట కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, దాటితే ప్రమాదమని బెదిరించి వెళ్ళిపోయేవాడు. రామాయణంలో గీత దాటిన సీతమ్మకు ఏమయిందో ఆ పిల్లవాడికి తెలుసు. అందుకని కదలకుండా కూర్చునేవాడు. అదృష్టం కొద్దీ దగ్గరలో ఒక కిటికీ ఉండేది. అందులోంచి ఒక చెరువు, గట్టున ఊడలు దిగిన మర్రిచెట్టు, స్నానానికి వచ్చీపోయే మనుషులు కనిపించేవారు. గంటల తరబడి ఆ కిటికీయే ఆయన లోకం.

ఈ కిటికీని గుర్తుపెట్టుకోండి. ఆయన తర్వాత కట్టించిన ఇళ్ళలో దీని జాడ కనిపిస్తుంది.

ఆయన తండ్రి దేవేంద్రనాథ్ ఠాగూర్ 1863లో, బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా బోల్‌పూర్ దగ్గర ఇరవై బిఘాల భూమి తీసుకున్నారు. ఎర్రటి గులకనేల. ఏడాకుల పాల చెట్లు రెండు తప్ప చెప్పుకోదగ్గ నీడ లేదు. ఆ చెట్ల కింద ధ్యానం చేసుకోవడం ఆయనకు ఇష్టం. అక్కడ కట్టించిన ఇంటికి శాంతినికేతన్ అని పేరు పెట్టారు. తర్వాత ఆ పేరే ఊరికీ వచ్చింది.

1873లో, పదకొండేళ్ళ వయసులో, ఉపనయనం అయిన తర్వాత రవీంద్రుడు తండ్రితో కలిసి మొదటిసారి అక్కడికి వెళ్ళారు. తండ్రి ఏ గీతా గీయలేదు. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళి రమ్మన్నారు. వాననీటికి కోసుకుపోయిన ఎర్రమట్టి గండ్లలో పడి ఆ కుర్రవాడు రోజంతా తిరిగి, రకరకాల రాళ్ళు ఏరుకొచ్చి తండ్రికి చూపించేవాడు. నేలతో ఆయన స్నేహం అలా మొదలైంది.

పెద్దయ్యాక కుటుంబ జమీందారీ పనుల మీద తూర్పు బెంగాల్‌లోని షిలైదహా, షాజాద్‌పూర్, పతిసర్ ప్రాంతాల్లో చాలా కాలం గడిపారు. పద్మ అనే పడవ ఇంట్లో ఉంటూ నదుల మీద తిరిగారు. రైతుల బతుకులు, గుడిసెలు, అప్పులు దగ్గరగా చూశారు. కవిత్వం ఒక పక్క సాగుతూనే ఉన్నా, పల్లెను బాగుచేయడం ఎలా అన్న ప్రశ్న అప్పటి నుంచి ఆయనను వదలలేదు.

1901లో కుటుంబంతో శాంతినికేతన్ చేరి, అయిదుగురు పిల్లలతో బడి తెరిచారు. పాఠాలు చెట్ల కిందే. ఆ తర్వాతి సంవత్సరాలు ఆయనకు చాలా కష్టంగా గడిచాయి. 1902లో భార్య మృణాళినీదేవి, 1903లో కూతురు రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్నకొడుకు శమీంద్రనాథ్ కన్నుమూశారు. అన్ని చావులు చూసినవారు ఎవరైనా ఉన్న చోటు విడిచి వెళ్ళిపోవాలనుకుంటారు. ఆయన వెళ్ళలేదు. బడి నడిపారు. 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. 1921లో విశ్వభారతి ఏర్పడింది. మరుసటి సంవత్సరం పక్కనున్న సురూల్‌లో, పల్లెల బాగు కోసం శ్రీనికేతన్ పని మొదలైంది.

ఇక ఇళ్ళ సంగతి. 1919 ప్రాంతంలో, ఆశ్రమానికి ఉత్తరాన ఉన్న బోడి నేల మీదికి ఆయన నివాసం మార్చారు. ఆ ఆవరణ పేరు ఉత్తరాయణ్. అప్పటికి ఆయన వయసు అరవైకి దగ్గర పడింది. ఆ నేల మీద ఇల్లు కట్టాలంటే మూడు సంగతులు ఆలోచించాలి. వేసవిలో ఎండ నిప్పులు చెరుగుతుంది. వానాకాలంలో నీరు మట్టిని కోసుకుపోతుంది. చెట్టు లేదు కాబట్టి నీడను కూడా మనమే తయారుచేసుకోవాలి.

మొదట లేచింది కోణార్క్. చిన్న పాకలా మొదలై, మార్పులూ చేర్పులూ జరుగుతూ పెరిగిన ఇల్లు అది. దాని తర్వాత ఉదయన్ అనే పెద్ద భవనం. అది కూడా ఒక్కసారి పూర్తయినది కాదు. కొన్నేళ్ళ పాటు గది తర్వాత గది కలుస్తూ వచ్చింది. అందుకే అందులో గదుల ఎత్తులు ఒకే మట్టంలో ఉండవు. ఈ ఇళ్ళ రూపకల్పనలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన సురేంద్రనాథ్ కర్ ఇంజనీరు కాదు, చిత్రకారుడు. 1927లో రవీంద్రుడితో జావా, బాలి ద్వీపాలకు వెళ్ళి అక్కడి కట్టడాలు చూసి వచ్చినవాడు. అమెరికాలో వ్యవసాయశాస్త్రం చదివి వచ్చిన కొడుకు రథీంద్రనాథ్ చుట్టూ తోట పెంచారు. కవి ఊహ, చిత్రకారుడి గీత, వ్యవసాయం తెలిసినవాడి చెట్లు కలిసి బోడి నేల కాస్తా పచ్చని ఆవరణ అయింది.

అయితే పెద్ద భవనంలో ఆయన మనసు నిలవలేదు. డెబ్బై దాటిన వయసులో ఆయనకు మట్టి ఇంటి మీద కోరిక పుట్టింది. గోడలే కాదు, కప్పు కూడా మట్టితోనే వేయాలనుకున్నారు. ఇది కవిగారి ముచ్చట మాత్రమే కాదు. పల్లెల్లో గడ్డి కప్పు ఇళ్ళకు వేసవిలో నిప్పంటుకుంటే వీధికి వీధే బూడిద. మట్టి కప్పుకు ఆ భయం లేదు. తన ఇంటి మీద ఈ ప్రయోగం గెలిస్తే బీదవాడికి తక్కువ ఖర్చులో, కాలిపోని ఇల్లు దొరుకుతుందని ఆయన ఆశ. మన రాయలసీమలో చవుడు పరిచిన మట్టి మిద్దెలు చూసినవారికి ఇది వింతగా తోచదు. కానీ బీర్భూమ్‌లో వానలు ఎక్కువ. అక్కడ మట్టి కప్పు వేయడమంటే సాహసమే.

అలా 1935లో శ్యామలి తయారైంది. వేడిని ఆపడానికి గోడల్లో మట్టికుండలు పేర్చారు. కుండల్లోని గాలి, బయటి ఎండ వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. చెదలు పట్టకుండా మట్టిలో తారు కలిపారు. నందలాల్ బోస్ ఆధ్వర్యంలో కళాభవన్ విద్యార్థులు బయటి గోడల మీద బొమ్మలు తీర్చారు. వాకిలి దగ్గర రామ్‌కింకర్ బైజ్ మలచిన సంతాల్ స్త్రీపురుషుల రూపాలు నిలబడి ఉంటాయి. గొప్పవాళ్ళ ఇళ్ళ ముందు సింహాల బొమ్మలు పెట్టడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ గుమ్మం దగ్గర నిలబడింది మాత్రం ఆ నేల మీద చెమటోడ్చే మనుషులు. ఆ ఇంటి పేరుతోనే మరుసటి ఏడాది ఒక కవితా సంపుటి వెలువడింది. 1940లో గాంధీజీ, కస్తూర్బా శాంతినికేతన్ వచ్చినప్పుడు బస చేసింది కూడా ఈ మట్టి ఇంట్లోనే.

మరి ప్రయోగం గెలిచిందా? ఉన్నమాట చెప్పుకోవాలి. మట్టి ఇంటికి ఏటా వానాకాలం ఒక పరీక్షే. కప్పును కనిపెట్టుకుని ఉండాలి, మెత్తుతూ ఉండాలి. ఆయన ఆశించినట్లు ఊరూరా అలాంటి కప్పులు లేవలేదు. అలాగని అది వృథా కాలేదు. మరమ్మతులు చేసుకుంటూ కాపాడుకున్నందువల్ల శ్యామలి ఈనాటికీ నిలిచి ఉంది. ప్రపంచం మెచ్చిన మనిషి, బీదవాడి కోసం ఆలోచించిన ఇంట్లో ముందు తానే కాపురం ఉండి చూశారన్న సంగతి దాన్ని చూస్తే గుర్తొస్తుంది. నలుగురికి పనికొస్తుందనుకున్నదాన్ని మొదట తన మీదే పరీక్షించుకోవాలని నాకు అర్థమైంది.

అక్కడా ఆయన ఆగలేదు. 1936లో పునశ్చ కట్టించుకున్నారు. మనం ఉత్తరం చివర తాజా కలం అని రాస్తామే, ఆ మాటకు అర్థం అదే. చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉందని ఒక ఇంటి పేరుతోనే చెప్పారన్నమాట. చివరిది ఉదీచి. ఉదీచి అంటే ఉత్తర దిక్కు. చుట్టూ కిటికీలున్న ఇల్లు అది. ఎటు చూసినా ఆకాశం, చెట్లు. సుద్దగీత మధ్య కూర్చుని ఒక్క కిటికీలోంచి లోకాన్ని చూసిన పిల్లవాడు ముసలితనంలో ఎలాంటి ఇల్లు కోరుకున్నారో చూడండి.

1941 జులైలో జబ్బు ముదిరి, చికిత్స కోసం ఆయన్ని కలకత్తాకు తీసుకెళ్ళారు. శాంతినికేతన్‌కు తిరిగి రాలేదు. ఆగస్టు 7న, తాను పుట్టిన జొరాసాంకో ఇంట్లోనే కన్నుమూశారు. 1951లో విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. 2023లో శాంతినికేతన్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

పిల్లలూ, ఆయన మారిన ఇళ్ళన్నీ ఒకే ఆవరణలోవి. మనం మారేవి వేరువేరు రాష్ట్రాలు. ఆ తేడా నాకు తెలుసు. స్నేహితుల్ని వదిలి వచ్చిన మొదటి వారం ఎలా ఉంటుందో కూడా తెలుసు. అయినా ఒక్క పని మన చేతుల్లో ఉంది. ఆయన ప్రతి ఇంటికీ ముందు నేలను, ఎండను, గాలిని గమనించారు. మనమూ గమనించవచ్చు.

ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకుని మీ క్వార్టర్ ప్లాను గీయండి. పొద్దున ఎండ ఏ కిటికీలోంచి వస్తుందో, మధ్యాహ్నం ఏ గది చల్లగా ఉంటుందో, వాననీరు ఎటు పారుతుందో, దగ్గరలో ఏ చెట్టు ఉందో గుర్తు పెట్టండి. చెట్టు లేకపోతే ఒకటి నాటండి. అది పెద్దదయ్యేనాటికి మీరు అక్కడ ఉండకపోవచ్చు. మీ తర్వాత ఆ ఇంటికి బదిలీ మీద మరో కుటుంబం వస్తుంది. వాళ్ళ పిల్లలకు ఆ నీడ పనికొస్తుంది.